కొరడా ఎవరి చేతిలో ఉంది?
పార్టీ క్రమశిక్షణ - రిజర్వుడు సభ్యుల గొంతు

పార్టీకి క్రమశిక్షణ ఉండాలా, సభ్యుడికి స్వేచ్ఛ ఉండాలా అని చర్చ పెడితే రెండువైపులా న్యాయం ఉన్నట్టే కనిపిస్తుంది. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్లు ఓటేస్తే మేనిఫెస్టోకు విలువేముంటుంది? అందరూ ఒక్కరి మాటకే చెయ్యెత్తితే ఇక శాసనసభ దేనికి? కాని దళితుల అనుభవం నుంచి చూస్తే అసలు ప్రశ్న వేరు. క్రమశిక్షణ ఎప్పుడు, స్వేచ్ఛ ఎప్పుడు అన్నది తేల్చేదెవరు? ఇది అర్థం కావాలంటే చరిత్రలోని రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది మద్రాసు, 1938. 1932 పూనా ఒప్పందంతో, అంతకుముందు ప్రకటించిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయి ఉమ్మడి నియోజకవర్గాల్లో రిజర్వుడు సీట్లు వచ్చాయి. 1935 చట్టం కింద దేశం మొత్తం మీద రాష్ట్రాల శాసనసభల్లో ఇలాంటివి 151. 1937 ఎన్నికల్లో వీటిలో 78 కాంగ్రెసు గెల్చుకుందని అంబేద్కర్ లెక్క తేల్చారు. ఆ ఎన్నికల తర్వాత ఏర్పడ్డ మద్రాసు శాసనసభలో దళిత నాయకుడు ఎం.సి. రాజా ఆలయ ప్రవేశ బిల్లు పెట్టారు. 1932లో ఉమ్మడి నియోజకవర్గాలను సమర్థించిన రాజా ఈయనే. ప్రభుత్వాధినేత రాజగోపాలాచారి బిల్లును వెనక్కి తీసుకోమన్నారు. మలబారు వరకు వేరే బిల్లు తెస్తామన్నారు. రాజా ఒప్పుకోలేదు. కాంగ్రెసు మెజారిటీ ఉన్న ఆ సభలో బిల్లు వీగిపోయింది. ఆ కాలంలో కాంగ్రెసు టికెట్టు మీద నెగ్గిన దళిత సభ్యులు ప్రశ్న వేయాలన్నా, తీర్మానం పెట్టాలన్నా, ఓటేయాలన్నా పార్టీ పెద్దల అనుమతి మీదే ఆధారపడ్డారని అంబేద్కర్ 1945లో రాశారు.

రెండోది ఢిల్లీ, 1951. ఆస్తిలో స్త్రీకి హక్కు, విడాకులు, కులాంతర వివాహం - వీటికోసం న్యాయమంత్రిగా అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లును ముందుకు నడిపారు. ఇక్కడ మాత్రం కాంగ్రెసు తన సభ్యులకు స్వేచ్ఛగా ఓటేసే వీలిచ్చింది! దానికి తనకు అభ్యంతరం లేదనీ, కనీసం ప్రసంగాలకు గడువు పెట్టడానికైనా, చర్చ ముగించడానికైనా పార్టీ యంత్రాంగం తోడు రాలేదనీ ఆయన అక్టోబరు 10న చెప్పారు. అంతకుముందే, సెప్టెంబరు 27న, మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశారు.

గుడి తలుపు తెరవాల్సి వచ్చినప్పుడు క్రమశిక్షణ గుర్తొచ్చింది. స్త్రీకి ఆస్తి ఇవ్వాల్సి వచ్చినప్పుడు అంతరాత్మ గుర్తొచ్చింది. కాబట్టి క్రమశిక్షణ దానంతటదే చెడ్డదీ కాదు, స్వేచ్ఛ దానంతటదే మంచిదీ కాదు. విప్ అంటే కొరడా. ఆ కొరడా ఎవరి చేతిలో ఉందన్నదే చూడాలి.

ఇప్పుడు చట్టం సంగతి. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోసి నాదెండ్ల భాస్కరరావు నెలరోజులు గద్దె మీద కూర్చున్న బాగోతం తెలుగువాళ్లకు తెలిసిందే. ఇలాంటి ఫిరాయింపులను ఆపడానికని 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. దాని ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా సభ్యత్వం పోతుంది. ముందుగా అనుమతి తీసుకోవాలి, లేదా పార్టీ 15 రోజుల్లో క్షమించాలి. విప్ విశ్వాస తీర్మానాలకూ, పార్టీ మూల విధానాలకూ పరిమితం కావాలని సుప్రీంకోర్టు 1992లో కిహోటో హోలోహాన్ కేసులో చెప్పింది. ఆచరణలో మామూలు బిల్లులకూ విప్ జారీ అవుతూనే ఉంది. పార్టీ వెళ్లగొట్టినా చట్టం దృష్టిలో ఆ సభ్యుడు ఆ పార్టీవాడేననీ, మరో పార్టీలో చేరితే సీటు పోతుందనీ 1996లో విశ్వనాథన్ కేసులో అదే కోర్టు తేల్చింది.

ఒక్క విషయం గమనించాలి. ఈ నిబంధన శిక్షించేది ఓటును, మాటను కాదు. సభలో లేచి “ఇది మా వాళ్లకు అన్యాయం” అన్నంత మాత్రాన సీటు పోదు. మరి రిజర్వుడు సభ్యులు అంత మాట ఎందుకనలేకపోతున్నారు? చట్టం కంటే పెద్ద కొరడా టికెట్టు. పూనా ఒప్పందంలో ముందు దళిత ఓటర్లే నలుగురు అభ్యర్థులను ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక ఉండేది. పదేళ్లకే పరిమితమైన ఆ ఏర్పాటు రాజ్యాంగంలోకి రాలేదు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 175కి 29, తెలంగాణలో 119కి 19 ఎస్సీ సీట్లున్నాయి. ఆ సీట్లలో ఎవర్ని నిలబెట్టాలో పార్టీ అధిష్ఠానం చెప్తుంది, గెలిపించేది అన్ని కులాల ఓట్లు. వాడ కోపం వస్తే సభ్యుడు తట్టుకోగలడు, అధిష్ఠానం కోపం వస్తే తట్టుకోలేడు. జనరల్ సీటు సభ్యుడికీ టికెట్టు భయం ఉంటుంది. కాని అతనికి భూమి, కాంట్రాక్టులు, కులబలం వెనక ఉంటాయి. మనవాడికి చాలాసార్లు టికెట్టు తప్ప మరేం ఉండదు.

అందుకని సభ్యుణ్ణి “అమ్ముడుపోయాడు” అని తిట్టి ఊరుకుంటే చాలదు. విశ్వాస పరీక్షలకే అనర్హత పరిమితం కావాలని 1990లోనే దినేష్ గోస్వామి కమిటీ సిఫారసు చేసింది. దాన్ని అమలు చేయమని అడగాలి. విప్ ఇచ్చేముందు శాసనసభా పక్షంలో చర్చ జరగాలి, అందులో వేరుగా మాట్లాడిన వాళ్ల మాట నమోదు కావాలి. అభ్యర్థి ఎంపికలో వాడల మాట చెల్లాలి. ప్రతి సమావేశాల తర్వాత సభ్యుడు వాడకొచ్చి ఏం అడిగాడో, దేనికి ఓటేశాడో చెప్పేలా సంఘాలు పట్టుబట్టాలి. విప్‌కు భయపడి ఓటేశానంటే అర్థం చేసుకోవచ్చు. నోరే విప్పలేదంటే ఎందుకని అడిగే హక్కు మనకుంది.