పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? మన సీమ వాళ్ళ కోసం ఆరు కథలు

ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం మా చిన్నాయన కొడుకు. కర్నూల్లో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. 'కల్కి 2898 ఏడీ' మూడుసార్లు చూసినాడు, ఓటీటీలో కొత్త సైన్స్ ఫిక్షన్ ఏదొచ్చినా వదలడు. మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు, "అన్నా, ఇవన్నీ యాడ నుంచి వచ్చినాయి? పాతవి ఏం చూడాల?" అని అడిగినాడు.

నిజం చెప్పాలంటే వాడు ఈ ప్రశ్న అడగడం ఇది రెండోసారి. మొదటిసారి అడిగినప్పుడు నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నా. డాక్యుమెంటేషన్ మొదటి పేజీ నుంచి చదవమని ఫ్రెషర్‌కి చెప్పినట్టు, "డాక్టర్ హూ 1963లో మొదలైంది, ఫస్ట్ ఎపిసోడ్ నుంచి వరసగా చూడు" అని చెప్పి పడేసినా. పాపం చూసినాడు. మొదటి ఎపిసోడ్ బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ తర్వాత మూడు ఎపిసోడ్లు రాతియుగం మనుషులు నిప్పు కోసం కొట్టుకుంటూ ఉంటారు. వాడు నాలుగో ఎపిసోడ్‌తో ఆపేసి, రెండేళ్ళు పాతవాటి జోలికే పోలేదు. తప్పు వాడిది కాదు, నాది. మనకు నచ్చిన పాత వస్తువును కొత్తవాళ్ళకు ఇచ్చేటప్పుడు సంవత్సరాల వరస చూడకూడదు, వాళ్ళ చెయ్యి దేనికి అందుతుందో చూడాలి.

అందుకని ఈసారి లిస్టు వేరే పద్ధతిలో రాసినా. ఒకటే రూలు: కథలో ఉన్న గొడవ మన ఊర్లో ముందే తెలిసిన గొడవ అయ్యుండాలి. గ్రహం ఏదైనా పర్వాలేదు.

కథల్లోకి పోయే ముందు ఒక మాట. పాత సీరియల్ పెట్టగానే అందరూ అనేది ఒకటే, "ఏంది బ్బా, సెట్టింగులు అట్టముక్కల మాదిరి ఉన్నాయి" అని. ఔను, కొన్ని అట్టముక్కలే. అప్పట్లో బ్రిటన్‌లో ఇవి ఎక్కువగా స్టూడియోలో రెండు మూడు కెమెరాలు పెట్టి, నాటకం ఆడినట్టు వరసగా ఆడి తీసేవాళ్ళు. వీడియో టేపును కోసి ఎడిట్ చేయడం కష్టం, ఖర్చు. చిన్న తప్పు దొర్లినా అట్లే పోనిచ్చేవాళ్ళు. కాబట్టి వీటిని సినిమా అనుకొని చూస్తే నిరాశే. నాటకం అనుకొని చూడండి.

నాటకం అంటే మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. సురభి నాటకాలు పుట్టిందే మన కడప జిల్లా సురభి గ్రామంలో, 1885లో, వనారస గోవిందరావు గారి 'కీచకవధ'తో. చిన్నప్పుడు మా అవ్వతో పోయి సురభి వాళ్ళ 'మాయాబజార్' చూసినా. ఘటోత్కచుడు గాల్లో తేలుతుంటే తీగ కనపడుతూనే ఉంది. అవ్వను అడిగితే, "తీగను చూస్తే తీగే కనపడుతుంది, వాణ్ణి చూడు" అన్నింది. అరవై ఏళ్ళ నాటి స్టార్ ట్రెక్ చూడ్డానికి ఇంతకన్నా మంచి సలహా నాకు ఇంతవరకు దొరకలేదు.

సరే, మొదటిది. ఇది సీరియల్ కాదు, కానీ మనలో చాలామంది టీవీలోనే చూసినాం: 'ఆదిత్య 369'. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు తీసినారు. టైమ్ మెషిన్ ఎక్కి 1526లో శ్రీకృష్ణదేవరాయల దగ్గరికి, అక్కడి నుంచి 2504కి పోతారు. సింగీతం గారు కె.వి. రెడ్డి గారి దగ్గర పనిచేసిన మనిషి. కె.వి. రెడ్డి గారు మన తాడిపత్రి ఆయన, 1957 'మాయాబజార్' సినిమా దర్శకుడు. అందులో ప్రియదర్శిని పెట్టె గుర్తుందా? మూత తెరిస్తే నీకు ఇష్టమైనవాళ్ళు కనపడతారు. దాన్ని ఇప్పుడు మనం వీడియో కాల్ అంటున్నాం. ఆ పెట్టె నుంచి ఆ టైమ్ మెషిన్ దాకా గురువు, శిష్యుడు అంతే దూరం. సైన్స్ ఫిక్షన్ బయటి నుంచి వచ్చిన వింత అని ఎవరన్నా అంటే ఈ సంగతి చెప్పండి. 'ఆదిత్య 369' ఇంకోసారి చూసి, భవిష్యత్తులో జనం భూమి లోపల ఎందుకు బతుకుతున్నారో గమనించండి. సరదా సినిమాలో దాచిపెట్టిన బరువైన భాగం అదే.

రెండోది, 'ట్విలైట్ జోన్'. అమెరికాలో 1959 నుంచి 1964 దాకా వచ్చింది. రాడ్ సెర్లింగ్ అనే రచయిత దీన్ని నడిపించినాడు. ఏ కథకు ఆ కథే, ముందూ వెనకా ఏమీ తెలియక్కర్లేదు. కొత్తవాళ్ళకు ఇంతకంటే సులువైన దారి లేదు. 1960లో వచ్చిన 'ద మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్' చూడండి. ఇరవై ఐదు నిమిషాలే. ఒక వీధిలో సాయంత్రం కరెంటు పోతుంది. ఫోన్లు, కార్లు ఆగిపోతాయి. ఒక పిల్లోడు, "మనలోనే ఎవరో గ్రహాంతరవాసి ఉన్నాడు" అంటాడు. ఇంతలో ఒకరి కారు మాత్రం దానంతటదే స్టార్ట్ అవుతుంది. అంతే, నిన్నటిదాకా కలిసి ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు అనుమానంగా చూసుకోవడం మొదలు. "వాడు రాత్రిపూట బయట నిలబడి ఆకాశం చూస్తుంటాడు" దాకా పోతుంది మాట. కరెంటు కోతలు తెలిసిన మనకు, ఎవరు ఎవరి మనిషి అని లెక్కలేసుకునే ఊర్లు తెలిసిన మనకు, ఇది వేరే దేశం కథ అనిపించదు. చివరి నిమిషం నేను చెప్పను.

మూడోది 'స్టార్ ట్రెక్'. పాత సీరియల్ 1966 నుంచి 1969 దాకా మూడు సీజన్లు, మొత్తం 79 ఎపిసోడ్లు. మన దూరదర్శన్‌లో కూడా ఎనభైల్లో వచ్చింది. 79 చూడక్కర్లేదు. 1967లో వచ్చిన 'ద డెవిల్ ఇన్ ద డార్క్'తో మొదలుపెట్టండి. ఒక గ్రహం లోపల గని. ఏదో జంతువు గని పనివాళ్ళను చంపుతోంది. పనివాళ్ళు కర్రలు పట్టుకొని వేటకు సిద్ధం. కథ సగంలో ఒక చిన్న ప్రశ్న వస్తుంది: ఇన్నాళ్ళూ ఊరుకున్న జంతువు ఇప్పుడే ఎందుకు తిరగబడింది? గనిలో వేల సంఖ్యలో దొరికిన గుండ్రటి రాళ్ళు ఏంటి? మంగంపేట ముగ్గురాయి గనులు, తుమ్మలపల్లె యురేనియం గని మన జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉన్నవాళ్ళం మనం. తవ్వేవాడికి కూలి కావాలి, తవ్వే చోట ఉన్నవాళ్ళకు నేల, నీళ్ళు కావాలి. ఈ కథ ఇద్దరినీ విలన్ చేయదు, అందుకే నాకు ఇష్టం. ఆ జంతువును చూస్తే మాత్రం తివాచీ కింద మనిషి పాకుతున్నట్టు ఉంటుంది. అవ్వ మాట గుర్తు చేసుకోండి.

నాలుగోది కూడా స్టార్ ట్రెక్కే, 1969లో వచ్చిన 'లెట్ దట్ బీ యువర్ లాస్ట్ బ్యాటిల్‌ఫీల్డ్'. దీంట్లో ఇద్దరు మనుషులుంటారు. మొహం సగం నలుపు, సగం తెలుపు. ఒకడికి కుడిపక్క నలుపు, ఇంకొకడికి ఎడమపక్క నలుపు. ఆ తేడా మీద తరతరాల పగ. ముందే చెప్తున్నా, ఇది గొప్పగా రాసిన ఎపిసోడ్ కాదు, చెప్పేదంతా మొహాన కొట్టినట్టు చెప్తుంది. అయినా లిస్టులో ఎందుకు పెట్టినానంటే, మన ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు, బాంబులు, తొడగొట్టడాలు చూసి చూసి మనకు అసలు సంగతి కనపడకుండా పోయింది. పగ ముగిసినాక ఊర్లో ఎవరు మిగిలినారు అనే ప్రశ్న ఆ సినిమాలు తక్కువ అడుగుతాయి. ఇది ఆ ఒక్కటే అడుగుతుంది.

ఐదోది, స్టార్ ట్రెక్‌లో చాలామంది అన్నిటికన్నా మంచిది అనే కథ, 'ద సిటీ ఆన్ ద ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్'. 1967. రాసింది హార్లన్ ఎల్లిసన్. మరుసటి ఏడాది హ్యూగో అవార్డు వచ్చింది. కెప్టెన్ కర్క్ 1930 నాటి న్యూయార్క్‌కి పోతాడు. పనుల్లేని రోజులు, గంజి కోసం లైన్లు. అక్కడ పేదలకు అన్నం పెట్టే ఒక మంచి మనిషిని ప్రేమిస్తాడు. చరిత్ర సరిగ్గా నడవాలంటే ఆమె బతకకూడదు. 'ఆదిత్య 369' టైమ్ మెషిన్‌తో ఆడుకుంటే, ఇది దానికి కట్టాల్సిన వెల ఎంతో చూపిస్తుంది. ఒకదాని తర్వాత ఒకటి చూడండి, రెండూ ఇంకా బాగుంటాయి.

ఆరోది, మళ్ళీ 'డాక్టర్ హూ'. ఈసారి సరైన తలుపు నుంచి పోదాం. బీబీసీలో 1963 నవంబర్ 23న మొదలై 1989 దాకా నడిచింది, 2005లో మళ్ళీ మొదలైంది. ఆ మొట్టమొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్, లక్నోలో పుట్టినాయన, అప్పటికి వయసు 24. ఇంకో సంగతి: టేపులు మళ్ళీ వాడుకోవచ్చని, దాచడానికి చోటు లేదని బీబీసీ వాళ్ళు పాతవి చాలా చెరిపేసినారు. అరవైల్లోవి తొంభైకి పైగా ఎపిసోడ్లు దొరకలేదు. వరసగా చూడొద్దు అనడానికి అదీ ఒక కారణం, మధ్యలో గుంతలు పడతాయి.

నేను చెప్పేది 1970లో వచ్చిన 'ఇన్‌ఫెర్నో'. ఏడు భాగాలు, ఒక్కోటి ఇరవై ఐదు నిమిషాలు. రోజుకు ఒకటే చూడండి. వారానికి ఒకటి చూసేవాళ్ళ కోసం తీసింది కాబట్టి, ఏడూ ఒకే రాత్రి లాగిస్తే అదే మాట తిప్పి తిప్పి చెప్తున్నట్టు ఉంటుంది. కథ ఏంటంటే, భూమి పొరను చీల్చుకొని లోపలికి డ్రిల్లింగ్. లోపల ఉన్న గ్యాస్ దొరికితే కరెంటుకు కరువుండదని ఆశ. ప్రాజెక్టు పెద్ద స్టాల్మన్. ప్రమాదం అని కంప్యూటర్ చెప్తుంది, వినడు. చివరికి కంప్యూటర్ నోరే మూయించడానికి దాని భాగం పీకేస్తాడు. డాక్టర్ అనుకోకుండా పక్కనే ఉన్న ఇంకో ప్రపంచంలో పడతాడు. అక్కడా ఇదే డ్రిల్లింగ్, కొన్ని గంటలు ముందుంది. అంటే ఆపకపోతే ఏమవుతుందో కళ్ళారా చూస్తాడు. ఆకుపచ్చ రాక్షసులు కూడా ఉన్నారు, వాళ్ళను చూసి నవ్వుకోండి, పర్వాలేదు.

ఇది ఎందుకు చివర పెట్టినానో చెప్తా. మా చిన్నాయనది పత్తికొండ వైపు టమోటా సేద్యం. ఇప్పటికి నాలుగు బోర్లు వేసినాడు. ఒకదాంట్లో రెండేళ్ళు నీళ్ళు వచ్చినాయి, మిగతావి మూడూ దుమ్ము లేచినాయి. టెంకాయ పట్టి చూసేటాయన ఒక చోట పాయింట్ పెడతాడు, మిషన్ పెట్టి చూసేటాయన వద్దంటాడు. రిగ్గు లారీ వచ్చి నిలబడినాక ఎవరి మాటా ఎవరూ వినరు. ఇంకో వంద అడుగులు, ఇంకో యాభై, అట్లా పోతుంటుంది. అడుగు అడుగుకీ మీటర్ తిరుగుతుంది. పండగ నాటికి ఐదో బోరు మాటలు నడుస్తున్నాయి, డబ్బులు బయట వడ్డీకి తేవాల.

నేను లిస్టు ఇచ్చి వచ్చేసినా. పదిహేను రోజులకు మావాడు ఫోన్ చేసినాడు. ఇన్‌ఫెర్నో చూస్తుంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడంట. ఇంగ్లీషు రాదు కాబట్టి వీడే తెలుగులో చెప్తూ పోయినాడు. ఏడు రాత్రులూ వచ్చినాడంట ఆయన. ఐదో రోజు, "ఆ మిషన్ వద్దని చెప్తాంటే ఆ మొండోడు యాల వినడం లేదు రా?" అని అడిగి, వీడు ఏమీ చెప్పకముందే, "ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు ఏం గావాల అనుకుంటాడులే" అని తనే చెప్పుకున్నాడంట.

సీరియల్ చూసి బోరు ఆపేసినాడు అని చెప్తే అబద్ధం. ఇంకా ఏదీ తేలలేదు. కానీ ఆ రాత్రి మొదటిసారి నాలుగు బోర్లకు అయిన అప్పు ఎంతో నోరు తెరిచి కొడుక్కి చెప్పినాడంట. వాడికి అప్పటిదాకా తెలియదు. ఇప్పుడు ఇద్దరూ కూర్చొని, ఈసారికి ఉన్న నీళ్ళకు డ్రిప్ పెట్టి టమోటా తగ్గించి, మిగతా చేన్లో కొర్ర వేస్తే ఎట్లుంటుందని లెక్కలు రాస్తున్నారు. ఆ లెక్కల కాగితం నాకు వాట్సాప్‌లో కూడా పంపినాడు, చూసి చెప్పమని.

పాత కథలు ఎందుకు చూడాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నా దగ్గర ఉన్న జవాబు ఇదే. తండ్రీకొడుకులు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోలేనిది, పక్కపక్కన కూర్చొని టీవీ చూస్తూ మాట్లాడుకున్నారు. గ్రాఫిక్స్ బాగుండే కొత్తవి వాడు ఫోన్లో ఒక్కడే ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని చూస్తాడు. మెల్లగా నడిచే ఈ పాతది పక్కనోడికి కథ చెప్పే సందు ఇచ్చింది.

కాబట్టి వరస ఇంకోసారి: ముందు 'ఆదిత్య 369', తర్వాత ట్విలైట్ జోన్‌లో ఆ ఇరవై ఐదు నిమిషాలు, ఆ తర్వాత స్టార్ ట్రెక్ మూడు, చివర్న ఇన్‌ఫెర్నో వారం రోజులు. మొత్తం కలిపినా రెండు వారాల్లో అయిపోతాయి. ఒక్కరే చూడకండి, ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇంగ్లీషు రాకపోతే మీరే చెప్పండి. కథ చెప్పడం మనకు కొత్తేం కాదు గదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.