ఆకలి లేని కొర్రమీను

ముందే చెప్పేస్తున్నా, ఈ వ్యాసంలో నేను కొర్రమీను పట్టను. పట్టే అవకాశం మాత్రం పది అడుగుల దూరంలోకి వచ్చి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లనిచ్చామో చెప్దామనే ఇదంతా.

ఆగస్టులో వరసగా మూడు రోజులు సెలవులు కలిసొస్తే మా రూమ్మేట్ వాళ్ల ఊరికి వెళ్లాం. ములుగు వైపు. రామప్ప, లక్నవరం అంటే అందరికీ తెలుసు గానీ, ఆ చుట్టుపక్కల ఊరివాళ్లకి తప్ప ఇంకెవరికీ పేరు తెలియని చెరువులు చాలా ఉన్నాయి. వాళ్లూరిది అలాంటిదే. నా బ్యాగులో ఆన్‌లైన్‌లో 300 రూపాయలకి తెప్పించిన రబ్బరు కప్ప ఉంది. అమెరికాలో లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేపని పట్టడానికి వాడే రకం. లోపల బోలు, రెండు గాలాలు వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. అందుకే నాచులోనూ తామరాకుల మీదా లాగినా ఎక్కడా చిక్కుకోదు. చేప కరిస్తే కప్ప నొక్కుకుపోయి గాలాలు బయటపడతాయి. బాస్‌కీ మన కొర్రమీనుకీ చుట్టరికం ఏమీ లేదు, అలవాట్లు మాత్రం దగ్గర: ఇద్దరివీ పెద్ద నోళ్లు, ఇద్దరూ గడ్డిలో నక్కి కూర్చుని కప్ప కనపడితే దూకే రకం. మన దగ్గర కొర్రమీను వేటగాళ్లు కూడా ఈ కప్పనే వాడుతున్నారు. వీడియోలు చూసీ చూసీ నేనూ తయారయ్యాను.

చెరువులో చేపలు మత్స్య సహకార సంఘానివి. వాళ్ల నాయిన అందులో సభ్యుడు. నా కప్పని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వి, "పులుసుకు నాలుగు పట్టుకోండ్రి, గంతే" అన్నాడు.

కట్ట ఎక్కగానే నేను ఠీవిగా నిలబడ్డాను. మావాడు చొక్కా పట్టి కిందికి లాగాడు. "కూసో. నిలబడితే గవి చూస్తయి." ఇది మనం ఇంటర్లో చదివిన క్రిటికల్ యాంగిలే. నీళ్ల నుంచి గాలిలోకి అది 48.6 డిగ్రీలు. అంటే చేప పైకి చూస్తే బయటి ప్రపంచమంతా దాదాపు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలో ఇమిడిపోయి కనిపిస్తుంది. ఆ కిటికీ బయట నీటి పైభాగం అద్దంలా చెరువు అడుగునే చూపిస్తుంది. కూర్చున్న మనిషి ఆ కిటికీ అంచున నలిగిపోయి సన్నటి గీతలా ఉంటాడు. నిలబడితే లోపలికి వచ్చేస్తాడు.

"మరి మాట్లాడొచ్చా?" అని గుసగుసగా అడిగా. "మాట్లాడు, కాళ్లు మాత్రం దబదబ ఎయ్యకు" అన్నాడు. ఇదీ ఫిజిక్సే. గాలిలోంచి వచ్చే శబ్దశక్తిలో వెయ్యో వంతు మాత్రమే నీళ్లలోకి దిగుతుంది, మిగతాది వెనక్కి కొడుతుంది. అడుగుల అదురు మాత్రం మట్టి గుండా నేరుగా పోతుంది. చేప ఒంటి పక్కల ఉండే పార్శ్వరేఖ దాన్ని పట్టేస్తుంది. వాడికి స్నెల్ సూత్రంలో ఎన్ని మార్కులొచ్చాయో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

మొదట వాడి వెదురు గడతోనే మొదలుపెట్టాం. జొన్నదంటు బెండు, చిన్న సీసం ముక్క, ఎరకి వానపాము. బెండు కొస మాత్రమే పైకి కనపడేలా సీసం బరువు సరిచేయాలి. బెండు ఎక్కువగా తేలుతుంటే చేపకి లాగేటప్పుడు బరువు తెలిసి ఎర వదిలేస్తుంది. జిలేబీలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. మధ్యలో హాస్టల్ కబుర్లు, బ్యాక్‌లాగ్‌ల లెక్కలు, ఎవరికి ఏ కంపెనీ వస్తుందన్న ఊహలు. కాసేపటికి అవి కూడా అయిపోయి ఊరికే బెండునే చూస్తూ కూర్చున్నాం. ఈ మధ్య నేను ఫోన్ తీయకుండా అంతసేపు కూర్చున్నది అప్పుడే అనుకుంటా.

నాలుగు గంటలప్పుడు తూము పక్కన తుంగలో నీళ్ల మీద చినుకులు పడుతున్నట్టు కనిపించింది. ఆకాశంలో మబ్బు ఉంది గానీ వాన లేదు. దగ్గరికి జరిగి చూస్తే ఎర్రటి చేపపిల్లలు, వందల్లో, ఒకే ముద్దగా. ముద్ద మొత్తం పైకి వస్తుంది, టపటపమంటుంది, దిగిపోతుంది. అవి కొర్రమీను పిల్లలు. ఈ చేపకి మొప్పలు ఒక్కటే చాలవు. తలలో మొప్పల పైన గాలి పీల్చే అర ఉంటుంది, పైకి వచ్చి గాలి మింగాల్సిందే. పైకి రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. మార్కెట్లో టబ్బుల్లో బతికున్నవి అమ్మగలుగుతున్నారంటే దీనివల్లే. (తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. మృగశిర కార్తెకి హైదరాబాద్‌లో చేపప్రసాదంగా మింగించేది కూడా దీని పిల్లనే.)

పిల్లల కింద చెయ్యంత పొడవున్న నీడ ఒకటి. కాపలా చేప.

నా గుండె దడదడలాడింది. కప్పని ఆ ముద్ద పక్కన పడేస్తే చాలు, అది కొట్టి తీరుతుంది. రాడ్ ఎత్తాను. మావాడు చెయ్యి పట్టుకున్నాడు.

"దాన్ని పట్టకురా."

"ఎందుకు? ఎంత ఉందో చూశావా!"

"గది ఆకలికి కొరకది రా. కోపానికి కొరుకుతది."

పట్టి, ఫొటో తీసుకుని వదిలేద్దామన్నాను. "నువ్వు ఫొటో దిగేదాక జిలేబీలు ఊకుంటయా?" అన్నాడు. చూస్తే నిజమే, ముద్దకి రెండు మూరల దూరంలో అవి తిరుగుతూనే ఉన్నాయి.

అప్పుడు చెప్పాడు. ఆరో తరగతిలో ఇదే తూము దగ్గర వాడు కాపలా చేపని పట్టి ఇంటికి పట్టుకెళ్లాడట. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. తాత ఒక్కడే ఎక్కడ పట్టావని అడిగాడు. తెల్లారి వాణ్ని వెంటబెట్టుకుని చెరువుకి తీసుకొచ్చాడు. పిల్లల ముద్ద జల్లెడంత ఉంది. మర్నాడు మళ్లీ తీసుకొచ్చాడు, పళ్లెమంత. మూడో రోజు ఏమీ లేదు. "తిట్టలే, కొట్టలే. మూడు రోజులు తీస్కచ్చి చూపిచ్చిండు, గంతే."

నేను రాడ్ దించాను గానీ మనసు దిగలేదు. 20 నిమిషాలు వాడితో మాట్లాడలేదు. మన ఒక్కరం వదిలేస్తే ఏమవుతుంది, రేపు ఇంకెవరో వల వేయరా అని లోపల వాదించుకుంటూనే ఉన్నాను. ఆ వాదనకి ఇప్పటికీ నా దగ్గర గట్టి జవాబు లేదు.

హాస్టల్‌కి వచ్చాక బాస్ గురించి చదివాను. అక్కడా గూడు కాసేది మగ చేపేనట. దాన్ని పట్టి కాసేపు పక్కకి తీసినా చాలు, బ్లూగిల్స్ అనే చిన్న చేపలు గుడ్ల మీద పడతాయి. వదిలేశాక తిరిగొచ్చినా, పోయినవి పోగా మిగిలింది తక్కువైతే అది గూడునే వదిలేసి పోవచ్చు. కెనడాలోని ఒంటారియోలో అందుకే చాలా చోట్ల గూళ్ల కాలం గడిచేదాకా బాస్ పట్టనివ్వరు. నేను చూసిన వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

చినుకులు నిజంగానే మొదలయ్యాక ఇంటికి నడిచాం. సంచిలో ఐదు జిలేబీలు, ఒకటి ఎక్కువే. వాళ్ల నాయిన సంచిలోకి తొంగి చూసి, "కొర్రమట్ట కొట్టలేదా?" అన్నాడు. మావాడు పిల్లల సంగతి చెప్పాడు.

"తూము కాడనా? ఇంక ఎర్రగనే ఉన్నయా?"

"ఎర్రగనే ఉన్నయి."

"నలుపు తిరిగి చెదిరిపోయేదాంక అటు పోకుండ్రి. సంఘంల గూడ చెప్తా."

పులుసు గురించి రాయడం మొదలుపెడితే ఇంకో వ్యాసం అవుతుంది. రబ్బరు కప్ప ఇప్పుడు మా రూమ్‌లో మేకుకి వేలాడుతోంది, గాలాలకి థర్మకోల్ ముక్క గుచ్చి పెట్టాను. దసరా సెలవులకి మళ్లీ రమ్మన్నారు.