ఇటాలియన్‌లో మర్యాదగా సాయం అడగడం ఎలా?

చదువుకో, ఉద్యోగానికో ఇటలీ వెళ్తున్నవాళ్ళకి మొదటి వారంలోనే పనికొచ్చే విషయం ఈ ఎపిసోడ్‌లో చూద్దాం. ఎవరినైనా సాయం అడగాలంటే ఎలా అడగాలి?

చాలామంది 'ప్లీజ్'కి 'పెర్ ఫవోరే' అని నేర్చుకుని, ప్రతి మాట చివరా అది తగిలిస్తే చాలనుకుంటారు. చాలదు. మన తెలుగే చూడండి. బస్టాండులో పెద్దాయన్ని 'దయచేసి' అని అడుగుతామా? 'ఏమండీ, ఈ బస్సు ఎటు వెళ్తుందో కాస్త చెప్తారా?' అంటాం. మర్యాదంతా ఆ 'అండీ'లో, 'చెప్తారా'లో ఉంది. ఇటాలియన్‌లో కూడా అంతే, మర్యాద క్రియలోనే ఉంటుంది.

ముందు పిలుపు. తెలియనివాళ్ళని 'స్కూజి' అనాలి, అంటే 'ఏమండీ' అన్నమాట. ఫ్రెండ్‌ని అయితే 'స్కూజా'. చివరి అచ్చు మారితే 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోతుంది. షాపుకో ఆఫీసుకో వెళ్తే ముందు 'బ్వోన్‌జోర్నో' అని పలకరించి, తర్వాతే పని అడగండి.

తర్వాత క్రియ. మన 'మీరు'కి అక్కడ 'లేయ్', 'నువ్వు'కి 'తూ'. తమాషా ఏంటంటే 'ఆమె' అనడానికి కూడా 'లేయ్' అనే అంటారు. ఎదురుగా మగాయన ఉన్నా సరే, మర్యాదకి అదే మాట. పెద్దవాళ్ళని, కౌంటర్‌లో ఉన్నవాళ్ళని 'మి ప్వో అయుతారే?' అనాలి, అంటే 'నాకు సాయం చేయగలరా?' అని. ఇంకాస్త మెత్తగా కావాలంటే 'మి పోత్రెబ్బే అయుతారే?'. క్లాస్‌మేట్‌ని 'మి దాయ్ ఊనా మానో?' అంటే చాలు. 'మానో' అంటే చెయ్యి. మనం 'కాస్త చెయ్యి వేస్తావా' అంటాం కదా, అదే! ఈ 'త'లన్నీ మన 'త'లాగే పలకండి, 'ట' కాదు.

ఏదైనా కావాలన్నప్పుడు 'వోల్యో' అనకండి, అది 'నాకు కావాలంతే' అన్నట్టు ఉంటుంది. 'వొర్రెయ్' అనండి.

ఇదంతా ఎక్కడ అవసరమవుతుందంటే, లాంగ్ స్టే వీసాతో వెళ్ళిన మనలాంటివాళ్ళు ఇటలీలో దిగిన 8 పనిదినాల్లోపు 'పెర్మెస్సో ది సొజ్జోర్నో', అంటే నివాస అనుమతికి అప్లై చేయాలి. దాని కిట్ పోస్టాఫీసులో ఇస్తారు, ఫారాలు ఇటాలియన్‌లో ఉంటాయి. అక్కడ ఇలా అడగండి: 'బ్వోన్‌జోర్నో. స్కూజి, మి పోత్రెబ్బే అయుతారే కోన్ క్వెస్తో మోదులో?' అంటే, 'ఈ ఫారం విషయంలో కాస్త సాయం చేస్తారా?' అని. వాళ్ళు గడగడా చెప్పేస్తే, అర్థంకాకుండా తలూపేసి వచ్చేయకండి. 'ప్వో రిపేతెరే ప్యు లెంతమెంతే?' అంటే 'మెల్లగా మళ్ళీ చెప్తారా?' అని. ఇలా అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. డిక్షనరీలో 'సాయం' అని వెతికితే 'అయూతో' అని వస్తుంది. అదొక్కటే గట్టిగా అంటే 'కాపాడండి!' అని అరిచినట్టు, చుట్టూ ఉన్నవాళ్ళు కంగారుపడతారు. నిజంగా ప్రమాదం వస్తే మాత్రం అదే అరవండి, 112కి ఫోన్ చేయండి.

పని అయ్యాక 'గ్రాత్సియే, మోల్తో జెంతీలే' అనండి, అంటే 'థాంక్సండీ, మీది మంచి మనసు' అన్నట్టు. వాళ్ళు 'ప్రేగో' అంటారు, అంటే 'పర్లేదండీ' అని. వచ్చేటప్పుడు ఫ్రెండ్స్‌కి 'చావో', పెద్దవాళ్ళకి 'అరివెదెర్చి'.

ఈరోజు ఒక్క వాక్యం గట్టిగా పదిసార్లు అనండి: 'స్కూజి, మి ప్వో అయుతారే?'. నోరు తిరిగితే చాలు, అవసరానికి అదే వచ్చేస్తుంది. అరివెదెర్చి అండీ!