పరీక్షల టెన్షన్‌కు విటమిన్ మాత్రలు వేయాలా?



పరీక్షలు దగ్గరపడితే చాలా ఇళ్లలో వినిపించే మాట: "పిల్లాడు బాగా టెన్షన్ పడుతున్నాడు, విటమిన్ మాత్రలు వేద్దామా?" ఒత్తిడి వల్ల కాలేయం దెబ్బతింటుందని, యాంటీ ఆక్సిడెంట్ విటమిన్లు దాన్ని కాపాడతాయని ఎక్కడో చదివి ఉంటారు. అది అబద్ధం కాదు. కానీ అది ఎలుకల సంగతి.

ప్రయోగశాలలో ఏం చేస్తారు?

ఎలుకను కదలడానికి వీల్లేని ఇరుకు గొట్టంలో గంటల తరబడి ఉంచుతారు. ఆ ఒత్తిడికి శరీరంలో ఫ్రీ రాడికల్స్ పెరిగి కాలేయ కణాల పొరను దెబ్బతీస్తాయి. అప్పుడు కణాల్లోని ఎంజైములు రక్తంలోకి చేరతాయి. మన రక్తపరీక్ష రిపోర్టుల్లో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అవే. విటమిన్ సి, ఇ ఇచ్చిన ఎలుకల్లో ఈ నష్టం తగ్గినట్టు పలు ప్రయోగాల్లో కనిపించింది. విటమిన్ ఇ కణం పొరను కాపాడితే, వాడిపోయిన విటమిన్ ఇ మళ్లీ పనిచేసేలా విటమిన్ సి తోడ్పడుతుంది.

మన పిల్లలకూ అంతేనా?

అలా అనలేం. ఎలుక తనకు కావలసిన విటమిన్ సిని తన కాలేయంలోనే తయారుచేసుకుంటుంది. మనిషికి ఆ శక్తి లేదు. పైగా ప్రయోగాల్లో ఇచ్చే మోతాదులు శరీర బరువును బట్టి చూస్తే చాలా ఎక్కువ. పరీక్షల ఒత్తిడితో ఆరోగ్యంగా ఉన్న పిల్లల కాలేయం పాడవుతుందని ఆ ప్రయోగాలు చెప్పడం లేదు.

మాత్రలు ఎక్కువైతే హాని కూడా జరగవచ్చు. విటమిన్ ఎ కాలేయంలో నిల్వ ఉంటుంది. మోతాదు మించితే ఆ కాలేయాన్నే దెబ్బతీస్తుంది. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులపై జరిగిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ మాత్రలు వాడినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది.

మరి ఏం చేయాలి?

మన మల్లాపూర్ నుంచి నాచారం, హబ్సిగూడ దాటితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఈ సంస్థ మన ఆహారపదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో లెక్కగట్టింది. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. పెద్దవారికే రోజుకు 80 మిల్లీగ్రాములు చాలు.

• రోజూ ఒక జామపండు, లేదా ఉసిరికాయ ఇవ్వండి. వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది కాబట్టి పచ్చిగా తింటే మంచిది.
• సాయంత్రం గుప్పెడు పల్లీలు పెట్టండి. వాటిలో విటమిన్ ఇ ఉంటుంది.
• తోటకూర, మునగాకు పప్పు వారంలో రెండు మూడుసార్లు వండండి.
• హైస్కూలు పిల్లలకు పరీక్షల ముందు కూడా 8 గంటల నిద్ర తగ్గనివ్వకండి.

డాక్టర్ రాసిన మాత్రలు మానవద్దు. రాయనివి మీరుగా మొదలుపెట్టవద్దు. గొట్టంలోంచి బయటికి రావడం ఎలుక చేతుల్లో లేదు. పిల్లల ఒత్తిడి తగ్గించడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.