మీకు తెలుసా? సజ్జకు నీళ్లు తోడిపెట్టే పొద ఉంది!

సెనెగల్‌లో సజ్జ విత్తే ముందు చేలోని గియెరా పొదలను నరికి తగలబెట్టడం వాడుక. కానీ ఆ పొద పంటకు తోడునీడ అంటున్నాయి అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ బృందం సెనెగల్ శాస్త్రవేత్తలతో కలిసి సాగించిన పరిశోధనలు. దాని లోతైన వేళ్లు అడుగుతేమను తోడి, రాత్రివేళ పైమట్టిలోకి వదులుతాయి. పొద వేరుకు, జాడ పట్టేందుకు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) కలిపిన నీటిని ఎక్కిస్తే, అది పక్కనున్న సజ్జ మొక్కల్లో తేలిందని 2018లో ప్రకటించారు. పొద దగ్గరి సజ్జ వేళ్ల చుట్టూ ఉండే సూక్ష్మజీవుల సముదాయం కూడా వేరుగా ఉందని 2015 అధ్యయనం చూపింది.

పొద పంటతో నీటికీ వెలుతురుకూ పోటీపడదా? న్యాయమైన సందేహమే. అందుకే పొదను ఉంచి సాగుచేసే ఈ పద్ధతిలో, విత్తే ముందు కొమ్మలు కొట్టి, కాల్చకుండా నేలపై పరుస్తారు; నీడ తగ్గుతుంది, వేరు బతికే ఉంటుంది, ఆకు మట్టికి ఎరువవుతుంది. అన్ని నేలలకూ ఇదే పొద సరిపోతుందని కాదు. అక్కడి మొక్కను అక్కడే పరీక్షించాలి. అయితే ఏ నేలలోనైనా, అగ్గిపుల్ల గీసేముందు ఆ పొద వేరు చేసే మేలేమిటో తెలుసుకోవడం మన బాధ్యత.