ధాన్యం ధర దిగింది, అప్పు దిగలేదు: 1930ల ఆర్థిక మాంద్యంలో కృష్ణా, గోదావరి డెల్టాలు

1929 అక్టోబరులో న్యూయార్కు షేర్ల విపణి కుప్పకూలిన వార్త డెల్టా రైతుకు వెంటనే చేరలేదు. చేరినా, దానితో తనకు ఏమి సంబంధమో అతనికి బోధపడి ఉండేది కాదు. ఏడాది తిరగకముందే ఆ సంబంధం అతని కళ్లంలోనే కనిపించింది. 1914 జూలై ధరలను 100గా తీసుకుని లెక్కగట్టిన కలకత్తా టోకు ధరల సూచిక 1929లో సగటున 141గా ఉండగా, 1931 నాటికి 96కు, 1933 నాటికి 87కు దిగజారింది. ఇది అన్ని సరుకులకూ కలిపి వేసిన సగటు. వ్యవసాయోత్పత్తుల ధరలు తయారైన వస్తువుల ధరల కంటె ఎక్కువగా పడిపోయాయి. వరి, వేరుసెనగ, పత్తి పండించే రైతుకు చేతికి వచ్చే రూపాయలు దాదాపు సగమయ్యాయి.

ఆ సంవత్సరాలలో రైతును కుంగదీసినది పంట నష్టం కాదు. ఆనకట్టల కింద కాలువలు పారాయి, చేలు పండాయి, కుప్పలు నూర్చారు. తెలుగు రైతుకు అనావృష్టి తెలుసు, తుపాను తెలుసు. వాటిని తట్టుకునే ఉపాయాలు తరతరాలుగా అలవడ్డాయి. గాదె నిండుగా ఉండగా ఇల్లు గడవకపోవడం మాత్రం అతనికి కొత్త. వ్యవసాయ విస్తరణ రంగంలో పనిచేసేవారు ఈ కాలాన్ని మళ్లీ ఒకసారి పరిశీలించవలసిన కారణం ఇక్కడే ఉన్నది. దిగుబడి ఒక్కటే కొలతగా చూస్తే 1930-33 సంవత్సరాలు డెల్టాకు చెడ్డ సంవత్సరాలు కావు.

ధరల పతనానికి రెండు మూడు దారులు ఉన్నాయి. మొదటిది బర్మా. దిగువ బర్మా నుండి బియ్యం ఓడలలో మద్రాసు రాష్ట్రపు రేవులకు వచ్చి, వరి చాలని దక్షిణ జిల్లాలకు, మలబారుకు చేరేది. డెల్టా బియ్యానికి కూడా ఆ ప్రాంతాలు ముఖ్యమైన గిరాకీ. ప్రపంచ విపణిలో కొనుగోళ్లు తగ్గడంతో బర్మా సరుకు మరింత చౌకగా ఇటు మళ్లింది. తర్వాత సయాం, సైగాను బియ్యం కూడా వచ్చి పడింది. దిగుమతి అయ్యే నూకలపై భారత ప్రభుత్వం సుంకం విధించినది 1935లో. అప్పటికి ధరలు పడిపోయి నాలుగైదేళ్లు గడిచాయి. రెండవది ద్రవ్య విధానం. 1927 నాటి చట్టంతో రూపాయి మారకపు విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగా స్థిరపరచారు. దానిని నిలబెట్టడానికి ప్రభుత్వం ద్రవ్య చలామణీని బిగించి ఉంచింది. ప్రపంచ ధరలు పడుతున్నప్పుడు రూపాయి విలువను సడలించి ఉంటే ఆ దెబ్బలో కొంత భాగం మారకపు రేటు మీద పడి ఉండేది. అది జరగనందువల్ల మొత్తం బరువు ధాన్యపు బస్తా మీదనే పడింది.

రూపాయలలో బిగిసిన బాధ్యతలు

రైతు రాబడి ధాన్యంలో ఉంటుంది. అతని బాధ్యతలలో పెద్దవి రూపాయలలో ఉంటాయి. మాంద్యకాలపు కష్టమంతా ఈ రెండు వాక్యాల మధ్య ఉన్నది. ఒక ఊహాత్మకమైన లెక్కతో దీనిని విశదం చేయవచ్చు. ఐదెకరాల మాగాణి గల కుటుంబానికి 75 బస్తాలు పండాయనుకుందాం. తిండికి, విత్తనానికి, ధాన్యంగా ఇచ్చే కూలికి 35 బస్తాలు పోగా 40 బస్తాలు అమ్మకానికి మిగులుతాయి. పాత ధరలో శిస్తు, నీటి తీరువా చెల్లించడానికి 10 బస్తాలు, అప్పుపై వడ్డీకి 12 బస్తాలు అమ్మితే సరిపోయేది. మిగిలిన 18 బస్తాలతో బట్టలు, కిరసనాయిలు, ఎద్దుల ఖర్చు, పిల్లవాడి చదువు గడిచేవి. ధర సగానికి పడితే అదే శిస్తుకు 20 బస్తాలు, అదే వడ్డీకి 24 బస్తాలు కావాలి. మొత్తం 44. అమ్మకానికి ఉన్నవి 40. బట్ట మాట అటుంచి, అసలులో ఒక్క రూపాయి తీర్చకుండానే లోటు ఏర్పడింది. ధర పడినది సగమే అయినా, ఆ కుటుంబం స్వేచ్ఛగా ఖర్చు పెట్టుకోగల భాగం మొత్తంగా మాయమైంది.

పులిమీద పుట్రగా, గోదావరి, కృష్ణా జిల్లాలలో రీసెటిల్‌మెంటు పేరిట శిస్తును రూపాయికి మూడణాల వంతున, అంటే 18.75 శాతం, పెంచాలన్న నిర్ణయం ఈ కాలానికే వచ్చింది. 1920లలోని మంచి ధరలను ఆధారంగా చేసుకున్న పెంపు అది. రైతు సంఘాలు దానిని గట్టిగా ప్రతిఘటించాయి. కిస్తులు నూర్పిళ్లు అయిన నెలలలోనే కట్టవలసి ఉండడం మరొక చిక్కు. ఊరంతా ఒకేసారి అమ్మకానికి దిగేది. ధర ఇంకా దిగేది. నిలవ చేసుకోగలవారు నిలవ చేసుకుని, వేసవి గడిచాక అమ్మేవారు; చిన్న కమతం గల రైతుకు ఆ వెసులుబాటు లేదు.

అప్పుల సంగతి మరింత వివరంగా చూడవలసినది. 1920లలో ధరలు బాగున్నప్పుడు డెల్టాలో భూమి కొనడానికి, పెళ్లిళ్లకు, ఇళ్ల నిర్మాణానికి రైతులు ధారాళంగా అప్పు చేశారు. భూమి విలువ పెరుగుతున్నంత కాలం సాహుకారూ వెనుకాడలేదు. ఈ సందర్భంలో ఒక విషయం చెప్పుకోవచ్చు. బాల్యవివాహాలను నిరోధించే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ లోపుగానే ముగించాలన్న ఆత్రుతతో దేశమంతటా ముందు నెలలలో వేలాది వివాహాలు జరిగాయి. ఆ తొందరలో పెళ్లి కోసం అప్పు చేసినవారు దానిని తీర్చవలసి వచ్చినది పడిపోయిన ధరలలో. మద్రాసు రాష్ట్రపు గ్రామీణ ఋణాన్ని 1930లో బ్యాంకింగు విచారణ సంఘం సుమారు 150 కోట్ల రూపాయలుగా అంచనా వేసింది. 1935లో సత్యనాథన్ నివేదిక సుమారు 200 కోట్లని తేల్చింది. ఆ మధ్యకాలంలో కొత్తగా అప్పిచ్చినవారు తక్కువ. పెరిగిన దానిలో చాలా భాగం చెల్లించని వడ్డీ అసలులో కలిసినది. ధాన్యంలో కొలిస్తే ఆ భారం ఇంకా ఎంతో ఎక్కువ.

కూలి ధాన్యమా, రూపాయలా

మాంద్యం అందరినీ ఒకే విధంగా తాకలేదు. ఎవరికి ఎంత దెబ్బ తగిలిందన్నది వారి రాబడి ఏ రూపంలో ఉన్నదన్న దానిపై ఆధారపడింది. కోతకు, నూర్పుకు వచ్చే కూలీలకు, ఏడాది పాలేర్లకు డెల్టాలో ధాన్యంగా కూలి ముట్టజెప్పే ఆచారం బలంగా ఉండేది. వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి మొదలైనవారికి కళ్లంలో కొలిచే మేర కూడా ధాన్యమే. ధర పడినా కుంచం కుంచమే. కాబట్టి వీరి తిండిగింజలకు వెంటనే లోటు రాలేదు. అయితే ఆ ధాన్యంలో కొంత అమ్మి కొనుక్కోవలసిన ఉప్పు, బట్ట, కిరసనాయిలు వారికి ప్రియమయ్యాయి. ఉప్పు ఇందుకు మంచి ఉదాహరణ. మణుగుకు రూపాయి నాలుగణాలుగా ఉన్న సుంకం 1931లో సర్‌చార్జీతో రూపాయి తొమ్మిదణాలైంది. ప్రజల రాబడి తగ్గుతుండగా ఖజానా లోటును పూడ్చుకోవడానికి పన్నులు పెంచిన ప్రభుత్వం అది. ధాన్యపు కూలి తీసుకునేవారికి ఆ ఉప్పు రెండు వైపుల నుండి బరువైంది.

నగదు కూలి కథ వేరు. కూలి రేటు పాతదే ఉంటే, ధాన్యం చౌకైనందున కూలీకి లాభమే. పుస్తకాలలో ఈ మాట తరచుగా కనిపిస్తుంది. రేటు పాతదే ఉన్నా పని దినాలు పాతవే ఉండవన్నది అందులో మరుగునపడుతుంది. చేతిలో రూపాయి ఆడని రైతు ముందుగా మానుకునేది నగదు ఇచ్చి చేయించుకునే పనినే. గట్లు వేయించడం, రెండో కలుపు, తోటపని, ఇంటి కప్పు నేయించడం వాయిదా పడతాయి. ఆ పనులన్నీ సొంత మనుషులతో సరిపెట్టుకుంటారు. కూలి చౌక కాలేదు, పని కరవైంది.

కౌలు విషయంలోనూ ఇదే తేడా. పండిన దానిలో వాటా ఇచ్చే పాలికాపు, ధర పతనాన్ని భూస్వామితో పంచుకున్నాడు. ఇన్ని బస్తాలని ధాన్యపు కౌలు ఒప్పుకున్నవాడికీ కౌలు భారం పెరగలేదు. ఎకరానికి ఇన్ని రూపాయలని నగదు కౌలు రాసుకున్నవాడు మాత్రం భారమంతా తానే మోశాడు. ఆధునికమనీ, లాభదాయకమనీ 1920లలో కొందరు మెచ్చుకున్న నగదు కౌలు, మాంద్యంలో కౌలుదారును ముంచింది.

దుకాణాలు, మగ్గాలు, రంగూను మనియార్డర్లు

పల్లెలో ఖర్చు తగ్గితే పట్టణంలో దుకాణం మూతపడడానికి ఎక్కువ కాలం పట్టదు. బట్టల వర్తకుడు, పచారీ కొట్టువాడు రైతుకు ఖాతా మీద సరుకిచ్చి పంటకు వసూలు చేసుకునేవారు. పంటకు వసూలు కాకపోయేసరికి టోకు వర్తకునికి వారు చెల్లించలేకపోయారు. ధాన్యం కొని నిలవ వేసిన మిల్లరు పరిస్థితి మరింత చిత్రమైనది. ధర దిగుతున్న కాలంలో నిలవ ఉంచిన ప్రతి నెలా నష్టమే. కొన్న ధరకు, బియ్యం అమ్మిన ధరకు మధ్య ఆడింపు ఖర్చు కూడా రాని సందర్భాలలో మిల్లు నిలిచిపోతుంది. అక్కడి కళాసీకి పని ఉండదు.

చీరాల ప్రాంతపు చేనేతవారి రుమాళ్లు పడమటి ఆఫ్రికాకు ఎగుమతి అయ్యేవి. వాటిని కొనేవారిలో చాలామంది అక్కడి కోకో, పామాయిలు పండించేవారే. వారి సరుకు ధర కూడా ఇదే మాంద్యంలో పడిపోయింది. ఒక ఖండపు రైతు బీదవాడైతే మరొక ఖండంలో మగ్గం ఆగుతుందన్నది ఇందులో కనిపిస్తుంది. స్థానిక గిరాకీ మీద ఆధారపడిన ముతక బట్ట నేతవారికి ఊరి రైతే కొనుగోలుదారు కాబట్టి, వారికీ ఊరట లేకపోయింది.

విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి వేలాదిమంది ఏటా ఓడెక్కి బర్మాకు పోయి, మిల్లులలో, రేవులలో, కోతలలో కూలి చేసి ఇంటికి డబ్బు పంపేవారు. కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ కోరంగీలనేవారు. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపు కోసం సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మావారిని పనిలోకి తీసుకున్నారు. సమ్మె ముగిశాక వారిని తొలగించడంతో అల్లర్లు చెలరేగి అనేకమంది భారతీయులు మరణించారు. బర్మా రైతు స్థితీ ఇందుకు భిన్నం కాదు. దిగువ బర్మా ముఖ్య వరి జిల్లాలలో 1930లో ఆరు శాతంగా ఉన్న చెట్టియార్ల భూస్వామ్యం ఆ దశాబ్దం చివరికి సుమారు నాలుగో వంతుకు చేరింది. అప్పు కింద జమ అయిన భూములే అవి. రంగూనులో పని తగ్గేసరికి ఉత్తర కోస్తా పల్లెలకు వచ్చే మనియార్డర్లు పలచబడ్డాయి. వెళ్లినవారు తిరిగి వచ్చి, ఇప్పటికే పని చాలని ఊళ్లో కూలికి నిలబడ్డారు.

ఇంటిలో చివరగా మిగిలేది బంగారం. 1931 సెప్టెంబరులో బ్రిటను స్వర్ణ ప్రమాణాన్ని విడిచింది. రూపాయి స్టెర్లింగును అంటిపెట్టుకుని ఉండడంతో తులం సుమారు 21 రూపాయలుగా ఉన్న బంగారం ధర క్రమంగా 30 రూపాయలు దాటింది. ధాన్యానికి లేని ధర బంగారానికి వచ్చింది. శతాబ్దాలుగా బంగారాన్ని దిగుమతి చేసుకున్న దేశం ఎగుమతిదారుగా మారింది. అధికారులు దీనిని లాభసాటి అమ్మకంగా చూపారు. శిస్తు కోసం కాసులపేరు అమ్మిన ఇంట దానిని ఆ విధంగా చూసి ఉండరు. ఆడవారి ఒంటి మీది బంగారం కుటుంబానికి ఉన్న ఏకైక బీమా. అది ఒక్కసారే పనికి వస్తుంది.

రైతులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1928 నుండి బారన్లలో వేడిగాలితో ఆరబెట్టే వర్జీనియా పొగాకు గుంటూరు ప్రాంతంలో వ్యాపించసాగింది. బ్రిటిషు విపణిలో సుంకపు రాయితీ దానికి తోడ్పడింది. 1936లో గుంటూరులో పొగాకు పరిశోధన ఉపకేంద్రం వెలిసింది. 1932లో చక్కెరకు సుంకపు రక్షణ లభించడంతో చెరకు సాగు ఆకర్షణీయమైంది. 1933లో విశాఖపట్నం జిల్లా ఏటికొప్పాకలో సహకార చక్కెర కర్మాగారం ఏర్పడింది. ఈ రెండు పంటలకూ పెట్టుబడి కావాలి. బారను కట్టాలన్నా, రెండో ఏటి దాకా చెరకును సాకాలన్నా అప్పు పుట్టాలి. కనుక మారగలిగినవారు ముందే కొంత నిలదొక్కుకుని ఉన్నవారు. మారుటేరులో 1925 నుండి వరి పరిశోధన సాగుతున్నది. మేలైన రకాలు రైతులకు అందుతున్నాయి. పై లెక్కలోని ఐదెకరాల కుటుంబానికి మరో ఐదు బస్తాలు అధికంగా పండితే నాలుగు బస్తాల లోటు తీరి ఉండేది, నిజమే. ఊరంతటికీ అవే ఐదు బస్తాలు అధికంగా పండి, కిస్తు నెలలో ఒకేసారి సంతకు చేరితే ఆ లెక్క నిలవదు.

ఊరట చట్టాల రూపంలో ఆలస్యంగా వచ్చింది. 1929లో ఏర్పడిన మద్రాసు కేంద్ర భూతనఖా బ్యాంకుకు 1934 చట్టంతో బలం చేకూరింది. 1936లో ఋణ పరిష్కార చట్టం, 1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టం వచ్చాయి. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని ఆ చట్టం రద్దు చేసింది. అసలుకు రెట్టింపు ఇప్పటికే ముట్టి ఉంటే అప్పు మొత్తం తీరినట్లే. కొత్త అప్పులకు వడ్డీని 6.25 శాతానికి కట్టడి చేసింది. ఎందరో రైతుల భూములు దానివల్ల నిలిచాయి. 1930-37 మధ్య వేలంలో పోయిన భూములను మాత్రం అది తిరిగి ఇవ్వలేదు. భూమిలో హక్కు లేని కూలీ ఆ చట్టం చెప్పిన వ్యవసాయదారుడు కాదు. అటు సాహుకార్లు కొత్త అప్పు ఇవ్వడానికి జంకారు. తనఖా పెట్టడానికి ఏమీ లేనివారికి అప్పు అసలే పుట్టలేదు.

చట్టం చేయలేని పనిని యుద్ధకాలపు ధరలు చేశాయి. 1940ల తొలి సంవత్సరాలలో ధాన్యం ధర ఎగబాకగా, రూపాయలలో బిగిసి ఉన్న ఆ బాధ్యతలే ఈసారి రైతుకు తేలికయ్యాయి. అమ్మడానికి మిగులు ఉన్నవారు పాత అప్పులు తీర్చివేశారు. మద్రాసు ప్రభుత్వం బి.వి. నారాయణస్వామి నాయుడుచే జరిపించి 1946లో వెలువరించిన గ్రామీణ ఋణ విచారణలో పెద్ద కమతాలవారి అప్పు తగ్గినట్లు, భూమిలేని కూలీల అప్పు పెరిగినట్లు తేలింది.