బెలుం గుహలో పట్టిన చెమట

మా షుగరు క్లినిక్కుకు వచ్చేవారితో “రోజూ నడవండి” అని చెప్పీ చెప్పీ మాకే విసుగు పుట్టింది. వినే వారికీ పుట్టే ఉంటుంది. అందుకని ఒక శనివారం రోగులు, సిస్టర్లు అందరం కలిసి నంద్యాల నుండి బెలుం గుహలకు బయలుదేరాము. దూరం సుమారు 60 కిలోమీటర్లు. బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు పోతుంటే ఎటు చూసినా నాపరాళ్ల గనులు, పేర్చిన బండలు. బయలుదేరడమే ఆలస్యమైంది గనుక “గుహ చూసి వచ్చి టిఫిను చేద్దాం” అనుకున్నాము. ఆ మాట అన్నది మేమే, రోగులు కాదు.

సున్నపురాతిని భూగర్భ జలం ఎన్నో యుగాలు తొలిచి చేసిన సొరంగాలివి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గూర్చి వ్రాశారు. 1982, 83లలో గెబావర్ నాయకత్వాన జర్మనీ బృందం వచ్చి లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో ఒకటిన్నర కిలోమీటర్ల మేర మనం నడిచి చూడవచ్చు. పర్యాటక శాఖ వారు దీపాలు, గాలి గొట్టాలు అమర్చారు. అయినా లోపల ఉక్క ఉక్కే. పది నిమిషాలకే అందరి చొక్కాలూ తడిసిపోతాయి.

చిక్కు అక్కడే వచ్చింది. అన్నిటికన్నా లోతైన పాతాళగంగ దగ్గరకు మెట్లు దిగేటప్పుడు మాలో ఒక పెద్దాయన గోడకు ఆనుకొని నిలబడిపోయారు. నుదుట ధారగా చెమట. “ఏం పెద్దాయనా?” అంటే, “ఏమీ లేదులే సిస్టరమ్మా, అందరికీ పట్టినట్టే నాకూ పట్టింది” అన్నారు. నిజమే అనిపించింది. కానీ చేయి పట్టుకుంటే వణుకుతోంది. మాట ముద్దగా వస్తోంది. ఉదయం షుగరు మాత్ర వేసుకున్నారా అని అడిగితే, వేసుకున్నానని తల ఊపారు. కడుపులో మాత్రం కాఫీ తప్ప ఏమీ లేదు.

రక్తంలో షుగరు 70 కంటే తగ్గితే చెమట, వణుకు, గుండెదడ, తికమక కలుగుతాయి. ఇంటిలో ఉంటే చెమటను బట్టే పోల్చుకుంటాము. గుహలో ఆ గుర్తు పనికిరాదు. మీటరు బస్సులోనే వదిలేశాము గనుక అనుమానం మీదనే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి త్రాగించాము. పదిహేను నిమిషాలైనా తేరుకోకుంటే మరల అంతే ఇవ్వాలి. ఆయనకు రెండవసారి కూడా ఇవ్వవలసి వచ్చింది. స్పృహ తప్పిన వారి నోట్లో మాత్రం ఏదీ పోయరాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు 108కి ఫోను చేయడమే.

కాస్త తేరుకున్నాక ఆయనను మెల్లగా పైకి తెచ్చి ఇడ్లీలు పెట్టాము. గ్లిబెంక్లమైడ్, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడేవారికి షుగరు ఒకసారి లేచినా కొన్ని గంటల్లో మళ్లీ పడిపోవచ్చు. అందుచేత తిరిగి రాగానే ఆ రాత్రికి వార్డులోనే ఉంచాము. ఇన్సులిను వాడేవారికీ ఈ జాగ్రత్త అవసరమే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. ఏలీయాకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి ఆ తరువాతనే దూర ప్రయాణానికి పంపాడని ఆదివారపు బడి పిల్లలకు చెప్పే మేమే ఆ సంగతి మరచిపోయాము.

ఈసారి ఆళ్లగడ్డ మీదుగా ఎగువ అహోబిలం పోదామని అనుకుంటున్నాము. అక్కడ భవనాశని వాగు వెంట నల్లమల కొండల్లోకి కాలిబాట ఉంది. యాత్రికులు జ్వాలా నరసింహ గుడికి నడిచే దారి అదే. వాగులో పాచి పట్టిన బండలు, పైకి పోయేకొద్దీ నిటారు ఎక్కుడు. అక్కడ మా భయం పాదాల గురించే. షుగరు వలన పాదాల స్పర్శ తగ్గినవారికి రాయి గీరుకున్నా తెలియదు. వారం తరువాత పుండుతో క్లినిక్కుకు వస్తారు. కనుక బూట్లు, మేజోళ్లు లేనివారిని కొండ ఎక్కనివ్వము. దిగిన తరువాత ఒకరి అరికాళ్లు ఒకరం చూసుకుందాము. గుండె నొప్పి వచ్చినవారు, ఆయాసం ఉన్నవారు ముందుగా డాక్టరు గారికి చూపించుకోవలెను.

అడవి గనుక పాముల మాట కూడా చెప్పాలి. కాటు పడితే కోయడం, గట్టిగా త్రాడు కట్టడం, నోటితో పీల్చడం వద్దు. కాలు కదలకుండా కర్ర కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని దించాలి. విరుగుడు మందు ఆసుపత్రిలోనే ఉంటుంది.

రాదలచినవారు క్లినిక్కు సిస్టరు దగ్గర పేరు వ్రాయించుకొని, వాడే మందుల చీటీ చూపించగలరు. టిఫిను ఆళ్లగడ్డలో, బస్సు దిగగానే. పెద్దాయన పేరు అప్పుడే పట్టీలో మొదటిది.